క్యాట్‌నిప్ పట్టని పిల్లికి ఏ మొక్క? మటాటాబి పుల్ల నుంచి మన కుప్పింటాకు వేరు దాకా

ఆన్‌లైన్‌లో క్యాట్‌నిప్ అనే, పిల్లులకు మోజైన మొక్క ఆకు కుక్కిన బొమ్మ తెప్పించి, ఆశగా పిల్లి ముందు పెడితే, అది ఒక్కసారి వాసన చూసి, తోక ఊపుకుంటూ వెళ్లి సోఫా కింద పడుకుందని బాధపడేవాళ్లు చాలామందే ఉన్నారు. సరుకు నకిలీదేమోనని కొందరి అనుమానం. పిల్లికే ఏదో లోపం ఉందేమోనని ఇంకొందరి టెన్షన్. చాలాసార్లు ఈ రెండూ కారణాలు కావు. ఎదిగిన పిల్లుల్లో దాదాపు మూడింట ఒక వంతు క్యాట్‌నిప్‌ని అసలు పట్టించుకోవు. పుట్టుకతోనే వాటి తీరు అంత.

అలాంటి పిల్లుల కోసమే ఇప్పుడు పెట్ షాపుల్లో రకరకాల సరుకు దొరుకుతోంది. మటాటాబి పుల్లలు, సిల్వర్ వైన్ పొడి (ఈ రెండూ ఒకే తీగవి), హనీసకిల్ చెక్క ముక్కలు, వలేరియన్ కుక్కిన చిన్న చిన్న దిండ్లు, క్యాట్ గ్రాస్ విత్తనాలు. అన్నిటి మీదా ఒకటే మాట ఉంటుంది: సహజమైనది, పిల్లి నమలడానికి మంచిది. దాంతో కొనేవాళ్లకు ఇవన్నీ ఒకే పని చేసే వస్తువుల్లా కనిపిస్తాయి. ఇక్కడే చిక్కు పడుతోంది. పిల్లి ఒక మొక్కను వాసన కోసం కొరకడం వేరు, పళ్లు సలిపి నమలడం వేరు, గడ్డిని కడుపులోకి మింగడం వేరు. ఈ మూడింటినీ విడదీసి చూస్తే ఏది కొనాలో, ఏది ఇంట్లోనే దొరుకుతుందో, దేనికి దూరంగా ఉండాలో తేలిపోతుంది.

ముక్కుతో మొదలయ్యే వ్యవహారం

క్యాట్‌నిప్ పుదీనా, తులసి కుటుంబానికి చెందిన మొక్క. పిల్లిని కదిలించేది దాని ఆకుల్లోని నెపెటలాక్టోన్ అనే తేలిగ్గా ఆవిరయ్యే పదార్థం. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్యూల్ మెక్‌ఎల్వెయిన్ బృందం 1941లో దీన్ని వేరుచేసింది. కొన్ని పిల్లులకే ఇది ఎందుకు పడుతుందన్న ప్రశ్న మీద 1962లో నీల్ టాడ్ అనే పరిశోధకుడు పనిచేసి, ఇది తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే లక్షణమని తేల్చాడు. ఒకే ఒక్క జన్యువు దీన్ని నడుపుతుందని అప్పట్లో అనుకున్నారు. లెక్క అంత సులువు కాదని, చాలా జన్యువుల ప్రమేయం ఉందని తర్వాతి పరిశోధనల్లో తెలిసింది.

మన చర్చకు ఇంతకంటే ముఖ్యమైన ప్రయోగం 1985లో జరిగింది. పిల్లి నోటి పైభాగంలో ఫెరోమోన్లను, అంటే జంతువులు ఒకదానికొకటి సంకేతంగా వదిలే వాసన పదార్థాలను, పసిగట్టే ప్రత్యేకమైన అవయవం ఒకటి ఉంటుంది. క్యాట్‌నిప్ పనిచేసేది దాని ద్వారానా, మామూలు ముక్కు ద్వారానా అని బెంజమిన్ హార్ట్, మిట్జీ లీడీ పరీక్షించారు. మామూలు ముక్కే అని తేలింది. కాబట్టి క్యాట్‌నిప్ ఆకు పిల్లి కడుపులోకి వెళ్లాల్సిన పని లేదు. వాసన తగిలితే చాలు.

ఆ వాసన తగిలిన పిల్లిని దగ్గర కూర్చుని గమనించండి. ముందు ముక్కు ఆనించి ఒక్క క్షణం ఆగిపోతుంది. తర్వాత నాకుతుంది, కొరుకుతుంది, తల విదిలిస్తుంది. గడ్డం, బుగ్గలు దానికేసి రుద్దుతుంది. నోటి నుంచి చొంగ కారుతుంది. ఆపైన భుజం వాల్చి నేల మీద పొర్లుతుంది. కొన్ని పిల్లులైతే బొమ్మను ముందు కాళ్లతో గట్టిగా పట్టుకుని వెనక కాళ్లతో టకటకా తన్నేస్తాయి. ఇదంతా 5 నుంచి 15 నిమిషాలు. ఆ తర్వాత ఏమీ జరగనట్టు లేచి ఒళ్లు నాక్కుంటుంది. వెంటనే మళ్లీ అదే బొమ్మ పెట్టినా పట్టించుకోదు. కనీసం ఒక గంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ సేపు ఆ వాసన దాని మీద పనిచేయదు.

మూడు నెలల లోపు కూనల్లో ఈ స్పందన సాధారణంగా కనిపించదు. కొన్నింటికి ఆరు నెలలు దాటాక గానీ రాదు. అందుకే పిల్లి కూనకు క్యాట్‌నిప్ పెట్టి, పనిచేయలేదని నిర్ణయానికి రావడం తొందరపాటు. ఇంకో సంగతి కూడా ఉంది. కొన్ని పిల్లులు పొర్లకుండా, ముందు కాళ్లు ముడుచుకుని, కళ్లు సగం మూసి కదలకుండా కూర్చుంటాయి. చూసేవాళ్లకు ఏమీ జరగలేదనిపిస్తుంది. వయసును బట్టి, చిన్నప్పుడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారా లేదా అన్నదాన్ని బట్టి ఈ తేడా వస్తుందని 2017లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది.

మరి ఇది మత్తేనా? మన వాళ్లు గంజాయితో పోల్చేస్తుంటారు. ఆ పోలిక నాకు నచ్చదు. పిల్లిని చూసి నవ్వుకోవడానికి పనికొస్తుందేమో గానీ, లోపల జరిగేది దాంతో అర్థం కాదు. జపాన్‌లోని ఇవాతె విశ్వవిద్యాలయంలో మసావో మియజాకి, రెయికో ఉయెనోయామా బృందం 2021లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో కళ్లు తెరిపించింది. సిల్వర్ వైన్ ఆకుల్లో నెపెటలాక్టోల్ అనే పదార్థం ఉందని, పిల్లులను అంత బలంగా లాగేది అదేనని వాళ్లు గుర్తించారు. దానికి స్పందించిన పిల్లుల రక్తంలో బీటా ఎండార్ఫిన్ పెరిగింది. ఎండార్ఫిన్ అంటే ఒంట్లోనే తయారై హాయినిచ్చే రసాయనం. దాని పనిని అడ్డుకునే నలాక్సోన్ మందు ఇచ్చి చూస్తే, రుద్దుకోవడం, పొర్లడం తగ్గిపోయాయి. అంటే మొక్క బయటి నుంచి మత్తు పదార్థమేమీ ఎక్కించడం లేదు. పిల్లి ఒంట్లో సహజంగా ఉన్న హాయి వ్యవస్థనే ఆ వాసన మేల్కొలుపుతోంది.

అదే బృందం ఇంకో ప్రశ్న వేసింది: దీనివల్ల పిల్లికి ఒరిగేదేమిటి? ఆ వాసన ముఖానికి, తలకు పట్టిన పిల్లుల మీద దోమలు సగానికి సగం తక్కువగా వాలాయి. పొదల్లో నక్కి గంటల తరబడి వేట కోసం కాచుకునే జంతువుకు దోమల బాధ తక్కువేం కాదు కదా. పొర్లాటలో ఆకుల రసం ఒంటికి పట్టి పిల్లికి రక్షణ దొరుకుతోందన్నమాట. జూలలో చిరుతపులి, జాగ్వార్, లింక్స్ అనే అడవి పిల్లి కూడా ఇదే వాసనకు తలలు రుద్దుకోవడం వాళ్లు చూశారు.

2022లో వచ్చిన తర్వాతి పరిశోధన నేరుగా మన నమిలే బొమ్మల విషయానికే వస్తుంది. పిల్లి ఆకును కొరికి, నలిపినప్పుడు సిల్వర్ వైన్ ఆకు నుంచి వెలువడే ఈ పదార్థాలు పది రెట్లు, క్యాట్‌నిప్ ఆకు నుంచి ఇరవై రెట్లు పెరిగాయి. పిల్లి పుల్లను కొరికేది అది రుచిగా ఉందని కాదు. కొరికితే వాసన బయటికొస్తుంది, అందుకు కొరుకుతుంది. ఇది తెలిస్తే పాత మటాటాబి పుల్ల మీద పిల్లికి మోజు ఎందుకు పోతుందో, బెరడు కాస్త గీకితే మళ్లీ ఎందుకు పరుగెత్తుకొస్తుందో అర్థమవుతుంది.

సిల్వర్ వైన్, హనీసకిల్, వలేరియన్

మటాటాబి, సిల్వర్ వైన్ రెండూ ఒక మొక్కే. జపాన్, కొరియా, చైనా, రష్యా తూర్పు ప్రాంతాల కొండల్లో పెరిగే తీగ అది. మనం తినే కివీ పండుకు దగ్గరి చుట్టం. ఎండాకాలంలో దీని ఆకుల కొసలు వెండి పూసినట్టు తెల్లబడతాయి. పిల్లులు దీని మీద పడి దొర్లుతాయన్న సంగతి జపాన్ వాళ్లకు కొత్తేమీ కాదు. కైబారా ఎకికెన్ 1709లో వెలువరించిన మూలికల గ్రంథంలోనే ఆ ప్రస్తావన ఉంది. 1959లో అక్కడి రసాయన శాస్త్రవేత్త తాకెయో సకాన్ బృందం ఈ మొక్క నుంచి మటాటాబిలాక్టోన్, ఆక్టినిడిన్ అనే పదార్థాలను వేరుచేసింది.

పుల్ల, ఆకు, కాయ అన్నిటికీ ఒకే బలం ఉండదు. అన్నిటికంటే ఘాటైనది మామూలు కాయ కూడా కాదు. ఒక జాతి చిన్న ఈగ ఈ తీగ పూమొగ్గలో గుడ్లు పెడుతుంది. దాంతో కాయ కోలగా ఎదగకుండా బుడిపెలు బుడిపెలుగా, వంకరగా ఉబ్బుతుంది. ఆ పురుగు పట్టిన కాయనే ఎండబెట్టి పొడి చేస్తారు. మనకు ప్యాకెట్లలో అందే సిల్వర్ వైన్ పొడుల్లో మంచి రకం ఇదే. పుల్లల్లో ఘాటు దానికంటే తక్కువ, అయితే నమలడానికి వీలు. ఏదీ పట్టనట్టుండే పిల్లికి ముందు కాయ పొడి చిటికెడు వేసి చూసి, అది నచ్చితే అప్పుడు పుల్లకు వెళ్లడం మంచిదని నా సలహా. చాలామంది దీన్ని తలకిందులు చేసి, పుల్ల పట్టలేదని ఆశ వదులుకుంటారు.

నాలుగు మొక్కలనూ పక్కపక్కన పెట్టి పోల్చిన అధ్యయనం 2017లో వచ్చింది. సెబాస్టియాన్ బోల్ బృందం అమెరికాలో వంద పిల్లుల మీద చేసింది. సిల్వర్ వైన్‌కు దాదాపు 80 శాతం పిల్లులు స్పందించాయి. క్యాట్‌నిప్‌కు మూడింట రెండు వంతులు. టటారియన్ హనీసకిల్‌కు, వలేరియన్ వేరుకు సగం సగం. మనకు అన్నిటికంటే పనికొచ్చే అంకె మరొకటి ఉంది. క్యాట్‌నిప్‌ని పట్టించుకోని పిల్లుల్లో దాదాపు 75 శాతం సిల్వర్ వైన్‌కు స్పందించాయి. అందులో పిల్లిని లాగే పదార్థాలు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ఒకటి తగలకపోతే మరొకటి తగులుతుంది. 2022లో ఇదే బృందం వెలువరించిన మరో అధ్యయనం ప్రకారం, ఏ పదార్థం నచ్చుతుందన్నది పిల్లి పిల్లికీ మారుతుంది గానీ ఒకే పిల్లి విషయంలో కాలం గడిచినా పెద్దగా మారదు. ఆక్టినిడిన్ మిగతా పదార్థాల దారిలో కాక వేరే దారిలో పనిచేస్తుండవచ్చని కూడా వాళ్లు సూచించారు. పక్కింటి పిల్లికి నచ్చింది మీ పిల్లికి నచ్చకపోవడానికి ఇంతకంటే పెద్ద కారణం వెతకనక్కర్లేదు.

టటారియన్ హనీసకిల్ సైబీరియా, మధ్య ఆసియా వైపు పొద. దీనిలో పిల్లికి పనికొచ్చేది చెక్క మాత్రమే. ఎర్రటి పళ్లు తింటే హాని. చెక్కను చిన్న దిమ్మెలుగా కోసి అమ్ముతారు, లేదా రంపపు పొట్టును గుడ్డ సంచుల్లో కుక్కుతారు. దిమ్మె గట్టిగా ఉంటుంది కాబట్టి పిల్లి దాన్ని నమిలి మింగలేదు, నాకుతుంది, బుగ్గలు రుద్దుకుంటుంది. కొన్నాళ్లకు వాసన తగ్గినట్టనిపిస్తే పైపొర కాస్త రుద్ది, గోరువెచ్చని నీళ్లతో తడిపితే చాలు, మళ్లీ పనిచేస్తుంది. ఏళ్ల తరబడి వస్తుంది. మన దగ్గర దొరకడమే కష్టం.

వలేరియన్ వేరుది పాత సాక్సుల కంపు. మనుషులు నిద్ర పట్టడానికి వాడే మూలిక ఇది, పిల్లులను మాత్రం హుషారెక్కిస్తుంది. ఇందులోనూ ఆక్టినిడిన్ ఉంది. ఇంట్లో ఆ వాసన భరించగలిగితే ప్రయత్నించవచ్చు. గుడ్డ బొమ్మలో కుక్కినదైతేనే నయం.

పుదీనా, తులసి ఎందుకు పనిచేయవు

క్యాట్‌నిప్‌ది పుదీనా కుటుంబమే అని తెలియగానే చాలామంది చేసే పని, పిల్లి ముందు పుదీనా కట్ట పెట్టడం. పిల్లి మూతి తిప్పుకుంటుంది. దీని వెనక మంచి కథే ఉంది. పుదీనా, తులసి, ఒరేగానో లాంటి మొక్కలున్న శాఖకు పూర్వీకురాలైన మొక్క నెపెటలాక్టోన్ రకం పదార్థాలను తయారు చేసుకునే శక్తిని కోట్ల ఏళ్ల క్రితమే పోగొట్టుకుంది. ఆ తర్వాత క్యాట్‌నిప్ వంశం ఒక్కటే దాన్ని కొత్తగా, వేరే ఎంజైమ్‌లతో మళ్లీ సంపాదించుకుంది. బెంజమిన్ లిచ్‌మన్ బృందం 2020లో జన్యువులను పోల్చి ఈ సంగతి బయటపెట్టింది. కుటుంబం ఒక్కటే అయినా సరుకు వేరు. తులసి కోటలో పిల్లి పడుకుందంటే అక్కడ మట్టి చల్లగా ఉందని అర్థం, అంతే.

ఇదే కుటుంబంలో మన బాల్కనీల్లో విరివిగా పెరిగేది వాము ఆకు. బజ్జీలు వేసుకునే ఆ మందపాటి ఆకుల్లోని నూనెలు పిల్లులకు పడవు. అమెరికాలోని జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏ దాన్ని పిల్లులకు విషపూరితమైన మొక్కల జాబితాలో పెట్టింది. వాంతులు, విరేచనాలు కావచ్చు. మనం తినేది కదా, పిల్లికి మాత్రం ఏమవుతుందిలే అనుకోకూడదు.

పెరట్లోనే ఉన్న పిల్లి మొక్క

దిగుమతి పుల్లల కోసం వెతుకుతున్న తెలుగువాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పిల్లులను ఇలాగే లాగే మొక్క మన గోడ పక్కనే మొలుస్తోంది. అదే కుప్పింటాకు. కొన్ని ఊళ్లలో మురిపిండి అంటారు, పిప్పింటాకు అని కూడా అంటారు. ఆకును ఉప్పుతో నూరి గజ్జికి, తామరకు పూసే మొక్కగా పాతకాలం వాళ్లకు బాగా తెలుసు. వానలు పడగానే పెరట్లో, పాత గోడల మొదట్లో, కుండీల్లో దానంతటదే వచ్చేస్తుంది. పొడవాటి కాడల మీద అంచులు రంపంలా ఉన్న ఆకులుంటాయి. ఆకు మొదట్లోంచి నిటారుగా ఒక కంకి లేస్తుంది. ఆ కంకి చుట్టూ పళ్ల అంచున్న చిన్న చిన్న ఆకుపచ్చ దొప్పలు గుచ్చినట్టు ఉంటాయి. ఆ దొప్పలను ఒకసారి చూసి పెట్టుకుంటే ఇక వేరే మొక్కతో పొరబడరు.

మొక్క నేలలో ఉన్నంతసేపూ పిల్లులు దాని పక్క నుంచే పట్టనట్టు నడిచి వెళ్తాయి. ఆకు నలిపి పెట్టినా అంతే. ఆకర్షణంతా వేరులో ఉంది. కలుపు తీసి, వేళ్లతో సహా పీకి పక్కన కుప్ప పోస్తే చూడాలి. మట్టి అంటిన ఆ తెల్లటి వేరు తెగిన చోట పిల్లి ముక్కు పెడుతుంది, మూతి పక్కగా తిప్పి వెనక పళ్లతో కొరుకుతుంది, చొంగ కారుస్తూ ఆ కుప్ప మీదే పొర్లుతుంది. కలుపు కుప్పను చిందరవందర చేసిందని దాన్ని అదిలించేవాళ్లకు అసలు కారణం తెలియదు, పాపం.

ఇది కేవలం ఊళ్లో మాట కాదు. ఆస్ట్రేలియాలో అడవి పట్టిన పిల్లులు అక్కడి చిన్న జంతువులను తినేస్తున్నాయి. ఆ పిల్లులను పట్టుకోవడానికి బలమైన ఎర కావాల్సి వచ్చింది. పశ్చిమ ఆస్ట్రేలియా పరిశోధకులు కుప్పింటాకు వేరును తీసుకుని, దాన్లో పిల్లులను లాగే పదార్థాలేమిటో 2016లో గుర్తించారు. ఐసోడైహైడ్రోనెపెటలాక్టోన్, ఐసోఇరిడోమిర్మెసిన్ అని వాటి పేర్లు. క్యాట్‌నిప్‌లో, సిల్వర్ వైన్‌లో ఉన్న పదార్థాల కుటుంబమే. పుదీనాతో ఏ చుట్టరికమూ లేని, ఆముదం చెట్టు కుటుంబానికి చెందిన ఒక కలుపు మొక్క వేరులో ఇవి ఉండటం నాకు ఎన్నిసార్లు తలచుకున్నా ఆశ్చర్యమే.

అయితే ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన జాగ్రత్త ఉంది. కుప్పింటాకులో అకలైఫిన్ అనే సైనైడ్ సంబంధమైన పదార్థం ఉంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న మనుషులు ఈ ఆకు తిని ఎర్ర రక్తకణాలు పగిలిపోయి ఆసుపత్రి పాలైన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. పిల్లి ఎర్ర రక్తకణాలు అసలే సున్నితమైనవి. కాబట్టి ఈ వేరును పిల్లికి తినబెట్టవద్దు, నమిలి మింగనివ్వవద్దు. వాసన చూపించడం వరకే. నేనైతే ఇలా చేస్తాను: రోడ్డు పక్కది కాకుండా, మందు కొట్టని మన పెరటి మొక్కనే పీకి, వేరు బాగా కడిగి, నీడలో ఆరబెట్టి, రెండు మూడు తుంచులు చేసి, మందపాటి నూలు గుడ్డలో పెట్టి గట్టిగా కుట్టేయాలి. పాత జీన్స్ గుడ్డ దీనికి బాగా పనికొస్తుంది. ఎదురుగా కూర్చుని పది నిమిషాలు ఆడించి, తర్వాత తీసి డబ్బాలో దాచేయాలి. గుడ్డ చింపే రకం పిల్లి అయితే ఈ పని వద్దే వద్దు. అలాంటి పిల్లికి మటాటాబి పుల్లే నయం. సిల్వర్ వైన్ మీద జపాన్ బృందమే 2023లో భద్రత కోసం విడిగా పరీక్షలు చేసింది. ఎక్కువ కాలం వాసన చూసిన పిల్లుల్లో వ్యసనంగానీ, కాలేయానికి, మూత్రపిండాలకు దెబ్బగానీ కనిపించలేదు. కుప్పింటాకుకు అలాంటి హామీ లేదు.

నమలడం, మింగడం

ఇక పళ్ల సంగతి. మటాటాబి పుల్ల నమిలితే పళ్లు శుభ్రమవుతాయని ప్యాకెట్ల మీద రాస్తారు. కొరికేటప్పుడు బెరడు రాపిడికి పైపైన కొంత పాచి పోవచ్చు. అంతమాత్రాన అది బ్రష్ చేసినదానితో సమానం కాదు. నోటి దుర్వాసన, చిగుళ్ల ఎరుపు, ఒక వైపే నమలడం కనిపిస్తే పుల్ల ఇచ్చి ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి. పిల్లుల్లో పన్ను లోపలి నుంచే అరిగిపోయే జబ్బు చాలా మామూలు. అలాంటి పన్నుతో గట్టి పుల్ల కొరికితే నొప్పి ఇంకా పెరుగుతుంది.

కూనల విషయం వేరు. సుమారు మూడున్నర నెలల నుంచి ఆరు, ఏడు నెలల దాకా వాటికి 26 పాలపళ్లు ఊడి, 30 శాశ్వత దంతాలు వస్తాయి. ఆ సలపరానికి చార్జర్ తీగలు కొరికేస్తుంటాయి. వాటికి క్యాట్‌నిప్‌తో గానీ మటాటాబితో గానీ పెద్దగా పని లేదు, ఆ వయసుకు స్పందనే సరిగా రాదు. తడిపి ఫ్రిజ్‌లో చల్లబరిచిన నూలు గుడ్డ ముడి, గట్టిగా నేసిన గుడ్డ బొమ్మ చాలు. తీగలను కనపడకుండా దాచడం అంతకంటే ముఖ్యం.

పుల్ల ఇచ్చేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్నే. మన చూపుడు వేలంత పొడవుండాలి. నమిలి నమిలి పొట్టిదైపోతే పారేయాలి. పీచులు లేచి సూదుల్లా చీలుతుంటే తీసేయాలి. దారాలు, ఈకలు, గంటలు కట్టిన పుల్లలు అందంగా ఉంటాయి గానీ, మింగిన దారం పేగులను ముడతలు పెట్టి ఆపరేషన్ దాకా తీసుకెళ్తుంది. దారం కోసేసి ఒట్టి పుల్లే ఇవ్వండి. పెరట్లో దొరికే ఏదో ఒక కొమ్మ విరిచి ఇవ్వడం మాత్రం పొరపాటున కూడా వద్దు. గన్నేరు కొమ్మ ప్రాణం తీస్తుంది.

క్యాట్ గ్రాస్ అని అమ్మేది పూర్తిగా వేరే విషయం. అది గోధుమ, బార్లీ, ఓట్స్ మొలకల గడ్డి. దాంట్లో పొర్లించే వాసన ఏమీ లేదు. పిల్లులు దాన్ని తినడానికే తింటాయి. మన వీధి పిల్లులు గరిక కొరకడం అందరం చూసే ఉంటాం. బెంజమిన్ హార్ట్ బృందం వెయ్యి మందికి పైగా పిల్లుల యజమానులను అడిగితే, 71 శాతం పిల్లులు కనీసం ఆరుసార్లు గడ్డి తింటూ కనిపించాయని తేలింది. తిన్నవాటిలో చాలావాటికి ముందుగా ఏ అనారోగ్యమూ లేదు. తిన్నాక తరచూ కక్కేవి పావు వంతే. కాబట్టి ఒంట్లో బాగోకే గడ్డి తింటుందన్న మాట పూర్తిగా నిలవదు. పేగుల్లో పురుగులను తోసేయడానికి పూర్వం నుంచీ వచ్చిన అలవాటు కావచ్చని ఆ పరిశోధకుల అభిప్రాయం. దీనికి ప్యాకెట్ కొనక్కర్లేదు. గుప్పెడు గోధుమలు ఒక రాత్రి నానబెట్టి, మట్టి పోసిన చిన్న గిన్నెలో చల్లితే వారం పది రోజుల్లో కోతకు వస్తుంది. విత్తనాల దుకాణంలో రంగు పూసిన గోధుమలు మాత్రం వద్దు, వాటికి మందు పట్టించి ఉంటుంది. అపార్ట్‌మెంట్ లాన్‌లో గడ్డికి కూడా మందు కొడతారు. కొనుక్కున్న పూల గుత్తుల్లో లిల్లీలుంటే ఇంట్లోకే రానివ్వకండి. ఆకు, పూరేకు, చివరికి రాలిన పుప్పొడి నాకినా పిల్లి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఇంతకంటే ప్రమాదకరమైన పొరపాటు మరొకటి జరుగుతోంది. సహజమైనదే కదా అని రకరకాల సుగంధ నూనెలు పుల్లల మీద, బొమ్మల మీద చుక్కలు వేయడం. కొన్ని రకాల పదార్థాలను విరిచి బయటికి పంపే ఎంజైమ్ పిల్లి కాలేయంలో సరిగా పనిచేయదు. మనకు మామూలైన పారాసిటమాల్ పిల్లికి విషం కావడానికి కారణం కూడా ఇదే. టీ ట్రీ నూనె, లవంగ నూనె, యూకలిప్టస్ నూనె లాంటివి ఒంటికి అంటినా, నాక్కుంటూ మింగినా ముప్పే. ఆకులో, పుల్లలో ఉన్న వాసనే చాలు. దాన్ని పెంచాలని చూడకండి.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద మొక్క శాస్త్రీయ నామం ఉందో లేదో చూడండి. సిల్వర్ వైన్ అయితే ఆక్టినిడియా పాలిగామా, క్యాట్‌నిప్ అయితే నెపెటా కటేరియా, హనీసకిల్ అయితే లోనిసెరా టటారికా, వలేరియన్ అయితే వలేరియానా అఫిసినాలిస్. ఆ పేరు లేకుండా ఒట్టి సహజ పుల్ల అని ఉంటే అది ఏ చెట్టుదో ఎవరికీ తెలియదు. అలాంటిది పిల్లి నోట్లో పెట్టడం నాకు ఒప్పదు. తెచ్చాక గాలి చొరని డబ్బాలో, కుదిరితే ఫ్రీజర్‌లో పెట్టండి. మన ఎండలకు టేబుల్ మీద పడేసిన పొడిలో కొన్ని వారాలకే ఒట్టి పొట్టు మిగులుతుంది. క్యాట్‌నిప్ విత్తనాలు తెచ్చి పెంచాలనుకుంటే అక్టోబరు, నవంబరు నెలల్లో కుండీలో వేయండి. చలికాలమంతా బాగా వస్తుంది. ఏప్రిల్ ఎండలకు ముందే కోసి నీడలో ఆరబెట్టుకుంటే వేసవికి సరిపోతుంది.

వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి పావుగంట చాలు. రోజంతా నేల మీద వదిలేస్తే వాసనకు అలవాటు పడిపోతుంది. ఇంట్లో రెండు పిల్లులుంటే మొదటిసారి వేర్వేరు గదుల్లో ఇచ్చి చూడండి. ఆ ఊపులో కొన్ని పక్క పిల్లి మీద పడి కరుస్తాయి. కడుపుతో ఉన్న పిల్లికి, జబ్బుతో ఉన్నదానికి డాక్టరును అడగకుండా ఏదీ వద్దు.

క్యాట్‌నిప్, సిల్వర్ వైన్, వలేరియన్ మూడూ చూపించినా చలించని పిల్లులు కూడా కొన్ని ఉంటాయి. వాటి కోసం ఇంకో మొక్క వెతుకుతూ డబ్బు తగలేయవద్దు. అలాంటి పిల్లిని ఎక్కువగా కదిలించేది కదిలే వస్తువు: పుల్లకు కట్టి లాగే గుడ్డ పీలిక, రంధ్రాలు పొడిచి లోపల నాలుగు గింజల మేత వేసిన అట్టపెట్టె, కిటికీ దగ్గర పిట్టలు కనిపించే ఎత్తులో ఒక పలక. సాయంత్రం పూట పావుగంట పీలిక లాగి ఆడించి, ఆ వెంటనే అన్నం పెట్టండి. ఆట అయ్యాక ఆ పీలికను మాత్రం పిల్లికి అందని చోట దాచేయండి.